ఏరు తగ్గితే పురుగులు పెరిగాయని రాసినవాణ్ణి నేనే

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను ప్రభుత్వానికి చేసిన పని ఏమిటని ఎవరైనా అడిగితే, ఏటి అడుగున పురుగులు లెక్కపెట్టానని చెబుతాను. విన్నవాళ్ళు నవ్వుతారు. మా ఆవిడ జగ్గయ్యపేటలో టీచరుగా చేసేది. "మీ ఆయన ఏం చేస్తారండి?" అని తోటి టీచర్లు అడిగితే "నీళ్ళ డిపార్టుమెంటు" అని ఊరుకునేది తప్ప పురుగుల మాట ఎత్తేది కాదు. నేనూ ఎత్తమని బలవంతపెట్టలేదు.

మొన్న మా సెక్షన్లో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆఫీసు వాళ్ళేదో సంచిక వేస్తున్నారట. "మీ అనుభవాలు రాయండి సార్, మాకు స్ఫూర్తిగా ఉంటాయి" అన్నారు. స్ఫూర్తి కావాలంటే వేరే గుమ్మం ఎక్కండి నాయనా అన్నాను. వాళ్ళు వినయమనుకుని ఇంకా గౌరవంగా చూశారు. సరే, అడిగారు కాబట్టి రాస్తున్నాను. సంచికలో వేస్తారో చించేస్తారో వాళ్ళ ఇష్టం.

మా పని గురించి మీకు తెలియాల్సింది కాస్తే. ఏట్లో నీళ్ళు బాగున్నాయో లేదో సీసాలో పట్టి పరీక్ష చేస్తే ఆ రోజు సంగతే తెలుస్తుంది. అడుగున రాళ్ళకీ ఇసకకీ అంటిపెట్టుకుని బతికే చిన్న చిన్న జీవాల్ని చూస్తే ఏడాది సంగతంతా తెలుస్తుంది. అవి ఎక్కడికీ పారిపోలేవు. నీళ్ళతో పాటు మంచీ చెడూ అనుభవించాల్సిందే. రాతి కింద మూడు తోకలతో పాకే పురుగు ఒకటి ఉంటుంది. ఇసక రేణువులు అతికించుకుని గొట్టంలాంటి గూడు కట్టుకునేది ఒకటి. తూనీగ పిల్లలు, నత్తలు, ఆలిచిప్పలు. ఇవి ఉంటే ఏరు బతికున్నట్టు. ఇవి పోయి బురదలో ఎర్రపురుగులు మాత్రం మిగిలితే ఏరు జబ్బుపడ్డట్టు. ఇంతకన్నా పెద్ద శాస్త్రమేమీ నాకు రాదు.

ఒక చదరపు అడుగు ఇనప చట్రం ఉంటుంది. దానికి వెనక వల. మోకాలి లోతు మించకుండా నీళ్ళు పారే చోట చట్రాన్ని అడుగున ఆనించి, అందులో పడిన రాళ్ళన్నీ చేత్తో తోమితే, పురుగులు నీళ్ళతో పాటు కొట్టుకొచ్చి వలలో పడతాయి. వాటిని తెల్ల ట్రేలో పోసి, జాతి జాతికీ విడదీసి, లెక్కపెట్టి, చదరపు అడుగుకి ఇన్నని రిజిస్టర్లో రాయాలి. మోకాలి లోతు, పారే చోటు, చదరపు అడుగు. ఈ మూడూ ప్రొసీజరు. మా ఆఫీసులో ప్రొసీజరు అంటే బైబిలుకన్నా భయభక్తులు ఎక్కువ.

నందిగామలో మాకొక గదీ ఒక మైక్రోస్కోపూ ఒక జీపూ ఉండేవి. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చి అక్కడ జీపెక్కేవాణ్ణి. జీపుకి డ్రైవరు ఉండేవాడు. బురదలో కాలు పెట్టడం తన డ్యూటీలో లేదని చేరిన మొదటి రోజే చెప్పిన మనిషి, ఆ మాట మీదే రిటైరయ్యాడు. మా ఆఫీసులో మాట మీద నిలబడ్డ మనిషి ఎవరంటే అతన్నే చూపించాలి.

మా పై ఆఫీసరు విజయవాడలో ఉండేవారు. సారు అంటాను. సారు మంచివారు. ఎవర్నీ తిట్టేవారు కాదు, ఎవరి పనీ చదివేవారు కాదు. చివరి పేజీలో పైకెక్కే గీత ఉందా కిందికి దిగే గీత ఉందా అని చూసి సంతకం పెట్టేవారు. పైకెక్కితే చాయ్ తెప్పించేవారు.

రిటైర్మెంటుకి ఇంకో ఏడాది ఉందనగా ఆ కేసు వచ్చింది. నందిగామకి ఎగువన మునేటి మీద ఒక పాత ఆనకట్ట ఉంది. ఎండాకాలంలో దాని షట్టర్లన్నీ దించినా, ఒక్కదాన్ని మాత్రం జానెడు పైకి ఎత్తి ఉంచేవాళ్ళు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, కాగితం మీద ఎక్కడా లేదు, అలవాటుగా వస్తోంది. ఆ జానెడు సందులోంచి వచ్చే నీళ్ళే వేసవంతా కింద కీసర దాకా ఏటిని తడిపి ఉంచేవి. ఇప్పుడు పై ఊళ్ళ ఎత్తిపోతలకి నీళ్ళు చాలడం లేదు కాబట్టి ఆ షట్టరు కూడా పూర్తిగా దించేద్దామని ప్రతిపాదన. దించితే కింద ఏట్లో జీవాలకి ఏమన్నా నష్టమా అని మా ఆఫీసుని అడిగారు. కేసంతా ఇంతే. ఒక షట్టరు జానెడు తెరిచి ఉంచాలా, మూసెయ్యాలా?

శాంపిళ్ళు తీసే చోట నాకొక మనిషి సాయం కావాలి. డబ్బాలు మొయ్యడానికీ, ఏట్లో ఎక్కడ కాలు దిగబడుతుందో చెప్పడానికీ. ఏటి ఒడ్డు కాలనీలో ఒకావిడ దొరికింది. నలభై ఏళ్ళుంటాయి. చేపలు పట్టుకునే కుటుంబం. మొగుడు పోయాడు, కూతురు నందిగామలో నర్సింగు చదువుతోంది. వేసవిలో ఏట్లో బొమ్మిడాయిలు పట్టి నందిగామ మార్కెట్లో అమ్ముతుంది. వానాకాలం ఏరు పొంగితే ఎవరైనా పడతారు, చేపకి విలువుండదు. చెరువులెండిన వేసవిలో పారే నీటి బొమ్మిడాయికి గిరాకీ. ఏడాది మొత్తంలో ఆవిడకి పండగంటే ఆ మూడు నెలలే. షట్టరు మూస్తే ఆవిడ సంగతేమిటో నాకు చెప్పనక్కర్లేదు, నేను అడగలేదు కూడా. నా పని పురుగులు.

మొదటి శాంపిల్ సంక్రాంతి వెళ్ళాక తీశాం. ఏరు నిండా పరుచుకుని, రాళ్ళ మీద గలగలా పారుతోంది. ట్రేలో ఉండాల్సినవన్నీ ఉన్నాయి. రాసుకున్నాం. మార్చిలో ఏరు సగానికి తగ్గింది. ట్రేలో పురుగులు కాస్త ఎక్కువ పడ్డాయి. ఏప్రిల్లో ఏరు ఒక పక్కకి ఒదిగి, వంతెన స్తంభాల దగ్గర చిన్న పాయగా మిగిలింది. చట్రం పెట్టి రాళ్ళు తోమితే ట్రే కిటకిటలాడింది. రాతికి రాయీ పురుగుల మయం. జనవరి లెక్కకి రెండింతలు పైనే.

నేను ఏమనుకున్నానో చెప్పాలి. పురుగుల మనిషినని ఇన్నేళ్ళు అందరూ నవ్వారు కదా, ఇదిగో నాకో కొత్త సంగతి దొరికింది అనుకున్నాను. నీళ్ళు తగ్గేకొద్దీ జీవాలు పెరుగుతున్నాయి! ఎవరూ చూడనిది నేను చూశాను! ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు కూర్చుని నోటు రాశాను. సారు అడగలేదు, ఎవరూ రాయమనలేదు. 'తక్కువ ప్రవాహ స్థితిలో అడుగు జీవరాశి గణనీయంగా వృద్ధి చెందుతున్నట్లు మా పరిశీలనలో తేలినది' అని మొదలుపెట్టాను. 'తేలినది' అట! తేలిందల్లా నా తెలివి.

సారు మొదటిసారి నాకు ఫోన్ చేసి మెచ్చుకున్నారు.

"బాగా రాసావయ్యా. ఇన్నాళ్ళు నీలో ఇంత సరుకుందని తెలీలేదు. గీత పైకెక్కుతోంది, చూసా."

"థాంక్యూ సార్."

"దీన్నే రిపోర్టుకి ముందు పెడదాం. నీ సంతకంతోనే వెళ్ళనీ."

నా సంతకంతో ఏదైనా విజయవాడ దాటి పోవడం అదే మొదలు. మా నాన్న మిరపచేలల్లో కూలీ. ఆదివారం చర్చిలో పెద్దలు ముందు కూర్చుంటే వెనక నేల మీద కూర్చునే మనిషి. ఆయన కొడుకు సంతకం మీద ఒక రిపోర్టు నడుస్తోందంటే, నాకు ఛాతీ ఉబ్బిందంటే అబద్ధం కాదు. అప్పుడు సిగ్గుపడాల్సిందని ఇప్పుడు తెలుస్తోంది.

మే మొదటి వారంలో మళ్ళీ వెళ్ళాం. ట్రే చూపిస్తూ ఆవిడతో గొప్పగా అన్నాను.

"చూసావామ్మా, నీళ్ళు తగ్గుతుంటే ఇవి పెరుగుతున్నాయి. నీ బొమ్మిడాయిలకి మేతే మేత."

ఆవిడ ట్రే వైపు చూడలేదు. నా వైపు చూసింది, ఇతనికి మతి ఉందా అన్నట్టు.

"పెరగడమేంటి సారూ?"

"లెక్కలో పెరిగాయి కదమ్మా. చదరపు అడుగుకి ఇన్నని."

"మా కాలనీలో మూడు కుళాయిలున్నాయండి. రెండు ఆగిపోయినాయనుకోండి. మూడోదాని కాడ ఆడోళ్ళందరూ బిందెలు పెట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతా ఉంటారు. అది చూసి, కాలనీలో జనం పెరిగారని రాసుకుంటారా మీరు?"

నేను నవ్వేశాను. నవ్వి, చట్రం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"జనవరిలో ఏరు ఎంత వెడల్పుందండి? అదిగో ఆ తుమ్మ దాకా ఉండేది. ఇప్పుడు నా చీర పరిస్తే ఇటునుంచి అటు సరిపోద్ది. ఇంత ఏట్లో ఉన్నయ్యన్నీ ఇక్కడికొచ్చి కూడినాయి. రాగలిగినయ్యి వచ్చినాయి. మిగతాయి ఏమైనాయో చూద్దురుగాని రండి."

ఆవిడ ఎండిన ఏట్లోకి నడిచింది. నేను వెనక నడిచాను. డ్రైవరు జీపు నీడలోంచి "ఎక్కడికి సార్, అక్కడ నీళ్ళు లేవుగా!" అని కేకేశాడు. నీళ్ళు లేనిచోటికి మేము ముప్పై నాలుగేళ్ళలో ఎప్పుడూ వెళ్ళలేదు. నీళ్ళు ఎటు జరిగితే మా చట్రం అటు జరిగింది. ఏరు ఎంత వెడల్పుందో రాయడానికి మా రిజిస్టర్లో గడే లేదు.

ఆవిడ ఒక రాయి తిప్పింది. కింద ఇసక గూళ్ళు వరసగా అంటుకుని ఉన్నాయి. ఒకటి గోటితో గిల్లితే పొడి అయింది. లోపల పురుగు ఎండి దారంలా ఉంది. ఇంకో రాయి తిప్పింది. మూడు తోకలవి మినప్పొట్టులా అంటుకుపోయి ఉన్నాయి. ఇసకలో ఆలిచిప్పలు పాకిన చాళ్ళు కనబడ్డాయి. నీళ్ళు జరిగిపోతుంటే నీళ్ళ వెంబడి పాకాయవి. ఒక్కొక్క చాలూ పాయ వైపు కొంత దూరం వచ్చి ఆగింది. ఆగిన ప్రతిచోటా ఒక చిప్ప నోరు తెరుచుకుని, చీమలు పట్టి ఉంది. అన్నేళ్ళు వాటిని లెక్కపెట్టి బతికినవాణ్ణి, వాటి నడక ఎప్పుడూ చూడలేదు.

"ఈ జానెడు నీళ్ళ మీద అయినా కొన్ని మిగిలినాయి సారూ," అందావిడ. "అవీ ఆగిపోతే ఆ పాయలోయ్యి కూడా ఇంతే. పురుగు లేందే బొమ్మిడాయి ఉండదు. బొమ్మిడాయి లేకపోతే నేను మిరపకోతకే. నాకు మిరప పడదండి, చేతులు పొక్కుతాయి. మీరు పెద్దోళ్ళకి చెప్పండి, ఆ షట్టరు అట్టాగే ఉంచమని. మీ మాటంటే వింటారంటగా."

నా మాట విన్నారు. అదే కదా వచ్చిన చిక్కు.

మర్నాడే ఇంకో నోటు రాశాను. మొదటి నోటు పొరపాటని, నీళ్ళు తగ్గినప్పుడు జీవాలు మిగిలిన చోటికి చేరి గుంపవుతాయని, గుంపుని చూసి పెరుగుదల అనుకున్నానని, ఏరంతా కలిపి చూస్తే తీవ్ర నష్టమని. విజయవాడ వెళ్ళి సారు చేతికిచ్చాను. సారు మొదటిసారి నా కాగితం పూర్తిగా చదివారు. చదివి కళ్ళజోడు తీశారు.

"పెరిగాయని రాసింది నువ్వే. తగ్గాయంటున్నదీ నువ్వే. మారింది పురుగులా, నువ్వా?"

"నేను తప్పు చేసా సార్."

"ఎండిన చోట రాళ్ళు తిప్పి చూసావా? ఏ ప్రొసీజరు కింద?"

"ప్రొసీజరులో లేదు సార్. కానీ కళ్ళతో..."

"కళ్ళతో చూసింది ఫైల్లోకెక్కదయ్యా." సారు గొంతు ఇంకా మెత్తబడింది. "నీకు నాలుగు నెలలుంది. నీ పెన్షన్ కాగితాలు నా టేబుల్ మీదే ఉన్నాయి. సర్వీసంతా మచ్చ లేకుండా లాక్కొచ్చావు. ఇప్పుడు నీ సంతకం మీద నువ్వే తప్పని రాసుకుంటే, ఎంక్వైరీ అంటారు. నీ మంచికే చెప్తున్నా."

నా కాగితాన్ని సారు సొరుగులో పెట్టారు. చించనైనా లేదు. ఆయనకి ఎవర్నీ నొప్పించడం ఇష్టం ఉండదు. నేను థాంక్యూ చెప్పి బస్సెక్కాను. నిజంగా థాంక్యూ చెప్పాను, వెటకారంగా కాదు.

ఆ నెలాఖర్లో ఏటి దగ్గర తనిఖీ పెట్టారు. షట్టరు సంగతి తేల్చడానికి సారు కన్నా పై అధికారి ఒకావిడ వస్తోందన్నారు. అధికారులకి ఎండ తగలకుండా ఎండిన ఏట్లోనే షామియానా వేశారు. సరిగ్గా ఆ చాళ్ళున్న చోట, ఆ చిప్పల మీద. కార్పెట్ పరిచి కుర్చీలు వేశారు, బల్ల మీద కొబ్బరిబోండాలు. ఏట్లో నీళ్ళున్నాయో లేవో తేల్చుకోడానికి వచ్చినవాళ్ళు ఏటి మధ్యలో కుర్చీలేసుక్కూర్చున్నారు, ఒక్కడికీ అది వింతగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు. నా చట్రం శుభ్రంగా ఉందా లేదా అని చూసుకుంటున్నాను.

వచ్చినావిడ వయసులో చిన్నది. నా కూతురంత ఉంటుంది. నేను అనుకున్నట్టు లేదు. బోండాం ముట్టలేదు. ఫైలు నిజంగా చదువుకుని వచ్చింది, అక్కడక్కడా పెన్సిలు గీతలు కూడా ఉన్నాయి. చెప్పులు విడిచి పాయలోకి దిగి నా పక్కన నిలబడింది. నేను చట్రం పెట్టి తోమాను. ట్రే కిటకిటలాడింది. చుట్టూ చేరి అందరూ ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. సారు ముఖం వెలిగిపోయింది.

"ఇది మా వాడి పరిశీలనండి," అన్నారు సారు నా భుజం మీద చెయ్యి వేసి. "నీళ్ళు తక్కువైనా జీవానికి ఢోకా లేదు. ఇంకా వృద్ధి."

అప్పుడు డబ్బాలు మోస్తున్న ఆవిడ మాట్లాడింది.

"అమ్మా, తమకి వేసిన కుర్చీ కింద ఆ కార్పెట్ ఎత్తించండి. ఆ రాళ్ళు ఒక నాలుగు తిప్పించి చూడండి. ఆ తర్వాత రాసుకోండి, ఏం రాసుకుంటారో."

సారు నవ్వారు. మిగతావాళ్ళూ నవ్వారు. పై అధికారి మాత్రం నవ్వలేదు.

"ఎందుకమ్మా?" అంది.

"చచ్చినయ్యన్నీ అక్కడున్నాయండి. ఈ సారుకి తెలుసు. నాతోపాటే చూశారు."

పై అధికారి నా వైపు తిరిగింది. ఫైలు చేతిలో తెరిచే ఉంది. ఆ పేజీ నాకు కనబడుతోంది, నా సంతకం ఉన్న పేజీ. అంచులో పెన్సిలుతో 'ఒక షట్టరు యథాతథం?' అని రాసుకుని ప్రశ్నార్థకం పెట్టుకుంది. అంటే ఆవిడకి అనుమానం ముందే ఉంది. ఎవరో ఒకరు గట్టిగా ఒక్క మాట అంటే చాలన్నట్టు ఉంది.

"మీరు చెప్పండి. ఎండిన చోట కూడా చూడటం అవసరమా?"

ఆ మాట నన్ను మర్యాదగా అడిగింది. తొందరపెట్టలేదు. జవాబు చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఇచ్చింది. భయంతో నోరు పెగల్లేదని చెప్పుకోడానికి కూడా నాకు దారి లేదు. బాగానే పెగిలింది.

"ప్రొసీజరులో ఎండిన చోట శాంపిల్ తియ్యడం లేదండి," అన్నాను.

అది నిజమే. ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా సర్వీసులో నేను చెప్పిన అన్ని మాటల్లోకీ తప్పుపట్టడానికి వీల్లేని మాట అదే.

ఆవిడ ఇంకా కాసేపు నన్నే చూసింది. ఇంకేమన్నా అంటానేమోనని. తర్వాత అంచులో పెన్సిలు రాతని రబ్బరుతో తుడిచి ఫైలు మూసింది. సారు నా భుజం మీంచి చెయ్యి తీశారు, పని అయిపోయింది కాబట్టి. డబ్బాలావిడ డబ్బాలు రెండూ కింద పెట్టి, కాలనీ వైపు వెళ్ళిపోయింది. ట్రేలో పురుగుల్ని మళ్ళీ పాయలో వదలాలి, అది మర్చిపోయాను. ఎండలో ట్రేలోనే ఉడికిపోయాయి.

జూన్ మొదట్లో షట్టరు దించేశారు. ఆ ఏడు వానలు ఆలస్యం. నెలాఖరికి శాంపిల్‌కి వెళ్తే పాయ కూడా లేదు. స్తంభాల పక్కన ఒక మడుగు మాత్రం ఉంది, పైన పచ్చటి పాచి, వాసన. పారే చోటు లేదు కాబట్టి ప్రొసీజరు ప్రకారం శాంపిల్ తియ్యకూడదు. కానీ సారు ఫోన్ చేసి, ఈ నెల గడి ఖాళీగా ఉంటే బాగుండదన్నారు. ఆయన ప్రొసీజరు అవసరాన్ని బట్టి వంగుతుందని నాకు అప్పుడు తెలిసింది. మడుగు బురదలో చట్రం దించాను. ఎర్రపురుగులు. ఒకటీ రెండూ కాదు, గుప్పెటనిండా. మూడు తోకలవి లేవు, గూళ్ళవి లేవు, ఒక్క చిప్ప లేదు. అంకె మాత్రం ముందెన్నడూ లేనంత పెద్దది.

జాతులవారీగా రాసి పంపాను. 'ఎర్రపురుగులు మాత్రమే' అని కింద గీత కూడా గీశాను, అదొక ధైర్యమనుకుని. సారు జాతి భేదం చూడకుండా అన్ని నెలల లెక్కలూ కూడించి మొత్తం ఒక్క గీత వేయించారు. గీత ఆకాశానికెక్కింది. నా రిటైర్మెంటు సభలో ఆ గీతని పెద్దది చేయించి స్టేజి మీద పెట్టారు. శాలువా కప్పారు. సారు మైకులో "పురుగుల భాష తెలిసిన మనిషి" అన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ వంగి నమస్కారాలు పెట్టాను. మా ఆవిడ మొదటిసారి తన తోటి టీచర్లకి నా ఉద్యోగం గురించి పూర్తిగా చెప్పింది.

పెన్షన్ సక్రమంగా వచ్చింది. వచ్చాకే నాకు ధైర్యం వచ్చింది. ఇది రాయడానికి చేతికి బరువుగా ఉంది కాని రాయక తప్పదు. పెన్షన్ ఆర్డరు చేతికందిన తర్వాత, ఒక రోజు కూర్చుని ఉన్నదున్నట్టు రాసి పై ఆఫీసుకి పంపాను. ఏ రాళ్ళ కింద ఏం చూశానో, తనిఖీ రోజు ఏం దాచానో, ఆ పెద్ద గీతలో ఉన్నవి ఏ పురుగులో. షట్టరు మళ్ళీ జానెడు ఎత్తించమని ప్రార్థించాను. మూడు నెలలకి జవాబు వచ్చింది. 'మీరు ఉద్యోగంలో ఉండగా మీ సంతకంతో సమర్పించిన పరిశీలన ప్రకారం సదరు ప్రాంతంలో జీవరాశి వృద్ధిలో ఉన్నది. దానికి విరుద్ధమైన ఆధారమేదీ రికార్డులో లేనందున మీ వినతి ముగించడమైనది.' నన్ను కాదనడానికి వాళ్ళకి నేనే సాక్షి.

ఆ కాగితం జేబులో పెట్టుకుని ఫిబ్రవరిలో డబ్బాలావిడ కోసం వెళ్ళాను. కాలనీలో లేదు. ముక్త్యాల వైపు మిరపకోతకి వెళ్ళిందన్నారు. రోడ్డు పొడుగునా సిమెంటు లారీలు. చేను వెతుక్కుని చేరేసరికి మధ్యాహ్నం అయింది. వరసగా ఆడవాళ్ళు కోస్తున్నారు. ఆవిడ చేతులకి పాత గుడ్డ పీలికలు చుట్టుకుంది. పీలికల అంచుల్లో చర్మం పొక్కి, పగిలి ఉంది. నన్ను చూసి గుర్తుపట్టింది, కాని పని ఆపలేదు. నేను సాలు పక్కనే నడుస్తూ, నేను రాసిన ఉత్తరం, వాళ్ళిచ్చిన జవాబు, మొత్తం చదివి వినిపించాను.

అంతా విన్నాక నడుం ఎత్తి నిలబడింది.

"ఆ రోజు కార్పెట్ ఎత్తమని మీరు ఒక్క మాట అనుంటే, ఆ అమ్మ ఎత్తించేదాండి?"

ఇన్నాళ్ళు నాకు నేను చెప్పుకుంటున్న జవాబు ఒకటుంది. ఎవరేమన్నా జరిగేది జరిగేదే అని. అది ఆవిడ ముందు రాలేదు.

"ఎత్తించేదమ్మా," అన్నాను.

"షట్టరు ఉంచేదా?"

"ఉంచేది."

ఆవిడ తలూపింది. కోపం లేదు. లెక్క సరిపోయిందన్నట్టు ఊపింది.

"మరి ఇప్పుడు ఇంత ఎండలో ఇంత దూరం వచ్చి ఈ కాయితం నాకెందుకు చదివారు సారూ? బరువు దింపుకోడానికా?"

"అవునమ్మా."

"దింపుకోకండి," అంది. "మొయ్యండి."

గుడ్డ పీలిక బిగించుకుని, మళ్ళీ సాల్లోకి వంగింది.